క్లాసులు పోయాయి, మిడ్ తప్పింది, గడువు దాటింది: ఇప్పుడు ఏం చేయాలి?

సెమిస్టర్ సగం దాటాక విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. "అటెండెన్స్ 68 ఉంది, డిటైన్ చేస్తారా (పరీక్షలు రాయనివ్వకుండా ఆపేస్తారా)?" "జ్వరం వచ్చి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) రాయలేదు, మళ్లీ పెడతారా?" "రికార్డు సబ్మిట్ చేయలేదు, ల్యాబ్ ఎగ్జామ్‌కి రానిస్తారా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందుగా ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. కాలేజీ వాళ్లు మీకు సాయం చేయాలనుకున్నా, ఒక తేదీ దాటాక వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు. అటెండెన్స్ జాబితా, ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాక ప్రిన్సిపాల్‌ని బతిమాలినా లాభం ఉండదు. మీ కారణం ఎంత నిజమైనదైనా ఆలస్యంగా చెబితే పనికిరాకుండా పోతుంది. కింద చెప్పే ప్రతి పనీ ఆ తేదీలోపు అయ్యేలా చూసుకోవాలి.

ఇక్కడ నేను చెప్పే లెక్కలు జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 రెగ్యులేషన్ (2023లో చేరిన బ్యాచ్ నుంచి వర్తించే నిబంధనలు) ప్రకారం, అంటే ఆ యూనివర్సిటీ అనుబంధ బీటెక్ కాలేజీలకు. అటానమస్ కాలేజీల్లో, డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీల్లో, నాగార్జున, కృష్ణా యూనివర్సిటీల కింద ఉన్న డిగ్రీ కాలేజీల్లో అంకెలు వేరుగా ఉండొచ్చు. పద్ధతి మాత్రం అందరికీ పనికొస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

మీ బ్యాచ్ రెగ్యులేషన్ బుక్ పీడీఎఫ్. కాలేజీ వెబ్‌సైట్‌లోనో, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనో ఉంటుంది. సీనియర్ చెప్పిన రూలు మీ రూలు కాకపోవచ్చు, ఎందుకంటే వాళ్లది ఆర్20 అయి ఉండొచ్చు. దాంతోపాటు ఈ సెమిస్టర్ అకడమిక్ క్యాలెండర్, టైమ్ టేబుల్, క్లాస్ ఇన్‌చార్జి, మెంటర్, హెచ్‌వోడీల నంబర్లు, మెయిల్ ఐడీలు. ఇక ఒక ప్లాస్టిక్ ఫోల్డర్. ఆసుపత్రి కాగితాలు, లెటర్ల జిరాక్సులు, ఫీజు రసీదులు అన్నీ అందులోనే పెట్టండి.

1. మానేసిన రోజునే చెప్పండి

పొద్దున లేవలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్ల చేతైనా క్లాస్ ఇన్‌చార్జికి ఒక మెసేజ్ పెట్టించండి. సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్‌కి) చెబితే చాలదు. మీ ఫ్రెండ్ "సర్, వాడికి బాగాలేదంట" అని క్లాసులో అన్న మాట ఎక్కడా నమోదు కాదు. మెసేజ్‌లో ఉండాల్సింది ఇంతే: ఎవరు, ఏ సెక్షన్, ఎప్పటినుంచి రావడం లేదు, ఎందుకు, ఏ పరీక్ష లేదా ల్యాబ్ పోతోంది.

ఇలా రాయొచ్చు:

"నమస్తే సర్. నేను సెకండియర్ ఈసీఈ బి సెక్షన్, రోల్ నంబర్ ఫలానా. నిన్న రాత్రి నుంచి జ్వరం ఎక్కువగా ఉంది. ఈరోజు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. మధ్యాహ్నం ఉన్న ల్యాబ్‌కి రాలేను. ఓపీ చీటీ సాయంత్రం పంపిస్తాను. ల్యాబ్ మేడమ్‌కి కూడా మెసేజ్ పెట్టాను."

ఇందులో బతిమాలడం లేదు, కథ లేదు. సాయంత్రం చీటీ పంపుతానన్నారు కాబట్టి సాయంత్రం పంపాలి. ఆ ఒక్క పని చేస్తే తర్వాత మీరు చెప్పే ప్రతి మాటకూ విలువ ఉంటుంది. కాలేజీకి తిరిగి వచ్చిన మొదటి రోజున ఇదే విషయం లెటర్‌గా రాసి ఇవ్వండి. చాలా కాలేజీల్లో లెటర్ ఇంగ్లిష్‌లోనే అడుగుతారు. అమ్మగానీ నాన్నగానీ సంతకం చేయాలి. ఇచ్చేముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

మూడు నాలుగు రోజులకు మించి రాలేమని తెలిస్తే వాట్సాప్‌తో పాటు మెయిల్ కూడా పెట్టండి. ఫోన్ మారితే వాట్సాప్ చాట్ పోవచ్చు. మెయిల్ తేదీతో సహా ఉంటుంది.

2. కాగితాలు అప్పటికప్పుడే తీసుకోండి

నిజంగా జబ్బు చేసినవాళ్లకు కూడా కండొనేషన్ (తక్కువ పడిన హాజరుకు మినహాయింపు) అందకుండా పోయేది ఎక్కువగా ఇక్కడే.

సెమిస్టర్ చివర్లో "రెండు నెలల కిందట నాకు డెంగీ వచ్చింది, సర్టిఫికెట్ ఇవ్వండి" అని డాక్టర్ దగ్గరికి వెళ్తే, అప్పుడు మిమ్మల్ని చూడని డాక్టర్ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. జబ్బుగా ఉన్నప్పుడే ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టు, మందుల బిల్లు దాచండి. ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జ్ సమ్మరీ అడిగి తీసుకోండి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి), విజయవాడ జీజీహెచ్‌ల ఓపీ చీటీ కూడా కాగితమే. కార్పొరేట్ ఆసుపత్రి లెటర్‌హెడ్ ఉంటేనే నమ్ముతారన్నది అపోహ.

మెడికల్ సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి నాలుగు విషయాలు చూసుకోండి: పేరు స్పెల్లింగ్ కాలేజీ ఐడీ కార్డులో ఉన్నట్టే ఉందా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది స్పష్టంగా రాశారా, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా, సంతకం, సీలు పడ్డాయా.

తర్వాత ఆ తేదీలను మీ అటెండెన్స్‌తో పోల్చండి. ఉదాహరణకు సర్టిఫికెట్‌లో 5వ తేదీ నుంచి 12 దాకా విశ్రాంతి అని ఉంటుంది. రిజిస్టర్‌లో 8వ తేదీన మీరు హాజరైనట్టు ఉంటుంది. ఎలా? ఆరోజు ఫ్రెండ్ ప్రాక్సీ వేశాడు, అంటే మీ బదులు హాజరు పలికాడు. మేలు చేద్దామనే వేశాడు, కానీ ఆ ఒక్క పీరియడ్ వల్ల మీ సర్టిఫికెట్ మొత్తం అబద్ధంలా కనిపిస్తుంది. జబ్బుతో ఇంట్లో ఉన్నప్పుడు ప్రాక్సీ వేయొద్దని ఫ్రెండ్స్‌కి గట్టిగా చెప్పండి.

డబ్బిచ్చి దొంగ సర్టిఫికెట్ తెచ్చుకునే ఆలోచన ఉంటే మానేయండి. ఇన్‌చార్జి దాని మీదున్న నంబర్‌కి ఒక్క ఫోన్ చేస్తే బయటపడుతుంది. అప్పుడు అటెండెన్స్ సమస్య కాస్తా క్రమశిక్షణ చర్యగా మారుతుంది.

ఎన్ఎస్ఎస్ క్యాంప్, ఎన్‌సీసీ, ఆటల పోటీలు, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లకు వెళ్తే ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ వెళ్లేముందే తీసుకోండి. తిరిగొచ్చాక అడిగితే సంతకం చేయాల్సినవాళ్లు దొరకడానికే వారం పడుతుంది.

3. అటెండెన్స్ లెక్క మీరే వేసుకోండి

రూలు ఇది: అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం, ఆధారాలు చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ అడగొచ్చు. 65 లోపు పడితే కండొనేషన్ ఉండదు. ఇది కాక ఒక్కో సబ్జెక్టుకు విడిగా కనీస శాతం కూడా ఉంటుంది. అదెంతో మీ బుక్‌లో చూసుకోండి. మొత్తం మీద 78 ఉండి ఒక్క సబ్జెక్టులో ఇరుక్కున్నవాళ్లూ ఉంటారు.

75 చేరడానికి ఇకనుంచి వరుసగా ఎన్ని పీరియడ్లు వెళ్లాలో తెలుసుకోవాలంటే, ఇప్పటిదాకా జరిగిన పీరియడ్లను 3తో గుణించి, అందులోంచి మీరు హాజరైనవాటిని 4తో గుణించి తీసేయండి.

ఉదాహరణ: 240 జరిగాయి, మీరు 150కి వెళ్లారు. అంటే 62.5 శాతం. 240×3 = 720. 150×4 = 600. తేడా 120. అంటే ఇంకా 120 పీరియడ్లు ఒక్కటీ మానకుండా వెళ్తేనే 75. క్యాలెండర్ చూస్తే మిగిలినవి సరిగ్గా 120 ఉన్నాయనుకుందాం. అప్పుడు 75 కాగితం మీద సాధ్యమే గానీ, ఒక్క జలుబు వచ్చినా పోతుంది. 65 సంగతి చూడండి. మొత్తం 360లో 65 శాతం అంటే 234. మీకు 150 ఉన్నాయి కాబట్టి మిగిలిన 120లో 84కి వెళ్తే చాలు. 75 కోసమే ప్రయత్నించండి, 65 మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దిగకుండా చూసుకోండి. కండొనేషన్ దరఖాస్తుకు కావాల్సిన కాగితాలు ఇప్పటినుంచే సిద్ధం చేయండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు "సెలవులు" లెక్కలో మర్చిపోవడం. దసరా, దీపావళి, మిడ్స్ జరిగే రోజులు, ఫెస్ట్ పోను మిగిలినవే అసలు పీరియడ్లు. క్యాలెండర్‌లో ఆరు వారాలు కనిపించినా మీ చేతిలో ఉండేవి నాలుగే కావచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు ఇంకో విషయం మర్చిపోకూడదు. దానికి కూడా 75 శాతం హాజరు షరతు ఉంది. కండొనేషన్‌తో పరీక్ష రాయగలిగినా, స్కాలర్‌షిప్ సంగతి ఏమవుతుందో ఆఫీసులో ఆ సెక్షన్ చూసేవాళ్లను విడిగా అడగండి.

రోజూ తెనాలి, బాపట్ల, గుడివాడ, ఏలూరు వైపు నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. రైలు లేటయితే పోయేది ఎప్పుడూ మొదటి పీరియడే. వారంలో రెండు మూడు రోజులు మొదటి పీరియడ్ ఒకే సబ్జెక్టు అయితే ఆ ఒక్క సబ్జెక్టే దెబ్బ తింటుంది. టైమ్ టేబుల్ రాగానే ఇది చూసుకోండి. ఆ రోజులకైనా ముందు బండి ఎక్కండి, లేదా కాలేజీ బస్సు పట్టుకోండి. అదీ కుదరకపోతే ఆ సబ్జెక్టు సర్‌ని మొదటి వారంలోనే కలిసి పరిస్థితి చెప్పండి.

4. మిడ్ తప్పిపోతే

ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆర్23లో ఇంటర్నల్ (కాలేజీ వేసే మార్కులు) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి యూనివర్సిటీ పరీక్ష) 70. రెండు మిడ్లలో ఎక్కువ వచ్చిన దానికి 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం వెయిటేజీ. ఒకటి అసలు రాయకపోతే దానికి సున్నా వేసి ఇదే లెక్క కడతారు. మొదటి మిడ్ పోయి, రెండోదాంట్లో 25 వస్తే 25లో 80 శాతం, అంటే 20 మార్కులు. రెండో మిడ్ బాగా రాస్తే ఒక మిడ్ పోవడం వల్ల జరిగే నష్టం ఎంత ఎక్కువన్నా 6 మార్కులే.

కాబట్టి 103 జ్వరంతో, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా వెళ్లి రాయాల్సిన అవసరం లేదు. ఒంట్లో కోలుకున్నాక రెండో మిడ్ మీద ప్రాణం పెట్టండి. పాస్ కావడానికి ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి. ఇంటర్నల్ 20 ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 25 తెచ్చుకున్నా గట్టెక్కుతారు. ఇంటర్నల్ 8 మాత్రమే ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 32 తేవాలి.

మీ కాలేజీలో మేకప్ మిడ్ ఉందేమో అడగండి, ముఖ్యంగా అటానమస్ అయితే. ఉంటే దరఖాస్తుకు గడువు చాలా తక్కువ ఉంటుంది. మిడ్‌లో క్విజ్, డిస్క్రిప్టివ్ వేర్వేరు రోజుల్లో జరిగితే, ఒకటి తప్పినా రెండోది తప్పకుండా రాయండి. ఒకటి పోయిందని రెండోది కూడా వదిలేసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. అసైన్‌మెంట్ మార్కులు కూడా విడిగా ఉంటాయి, అదీ ఇచ్చేయండి.

రెండు మిడ్లూ తప్పితే పరిస్థితి కష్టమే. ఆ వారంలోనే తల్లిదండ్రులతో కలిసి హెచ్‌వోడీని కలవండి.

సెమిస్టర్ చివరి పరీక్ష తప్పితే మాత్రం మళ్లీ పెట్టరు. సప్లీలో (సప్లిమెంటరీ పరీక్షలో) రాయాల్సిందే. ఇంటర్నల్ మార్కులు అలాగే ఉంటాయి. సప్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఫీజు కట్టడం మర్చిపోకండి.

5. ల్యాబ్, రికార్డు

థియరీ క్లాసు నోట్సు ఎవరో ఒకరు ఇస్తారు. ల్యాబ్ అలా కాదు. రోజువారీ పనికి, రికార్డుకు విడిగా మార్కులుంటాయి. మానేసిన ప్రయోగాన్ని వేరే బ్యాచ్‌తో చేసే అవకాశం చాలాచోట్ల ఇస్తారు, కానీ ఆ ప్రయోగం నడుస్తున్న వారంలోనే. పరికరాలు తీసేసి తర్వాతి సైకిల్ (ప్రయోగాల విడత) పెట్టాక ఎవరూ మళ్లీ బిగించరు. కాలేజీకి వచ్చిన మొదటి రోజే ల్యాబ్ అసిస్టెంట్‌ని కలిసి "ఏ బ్యాచ్‌కి ఏ రోజు ఉంది?" అని అడగండి. ల్యాబ్ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఆయనకే బాగా తెలుసు.

ఫ్రెండ్ రీడింగులు యథాతథంగా ఎక్కించొద్దు. వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. అబ్జర్వేషన్ పుస్తకంలో ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టించుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడు పుస్తకాలు, సర్టిఫికెట్లు నానిపోయిన కుటుంబాలు ఎన్నో. అలాంటి విపత్తు వస్తే తడిసిన పుస్తకాలను పారేసేముందు ఫోటోలు తీయండి. ఏ వార్డులో ఉంటున్నారో, ఏం పోయాయో లెటర్‌లో రాయండి. ల్యాబ్ రిజిస్టర్‌లో మీ పాత మార్కులు ఉంటాయి కాబట్టి రికార్డు పోయినంత మాత్రాన మార్కులు పోవు. ఆ సంగతి ఇన్‌చార్జికి మీరే గుర్తుచేయాలి. ఇప్పటికైనా ప్రతి సంతకం పేజీని ఫోన్‌లో స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టుకోండి.

6. అసైన్‌మెంట్లు, ఆన్‌లైన్ గడువులు

గడువుకి ముందు రోజు అడిగితే రెండు రోజులు ఇస్తారు. గడువు దాటిన మర్నాడు అడిగితే అదే సర్ కుదరదంటారు. అడిగేటప్పుడు "కొంచెం టైమ్ ఇవ్వండి" అనకండి. "శుక్రవారం మధ్యాహ్నానికి ఇస్తాను" అని రోజు చెప్పండి. సగమే అయితే సగమే ఇవ్వండి, సున్నా కంటే నయం. అప్‌లోడ్ చేశాక ఫైల్ తెరిచి చూడండి. ఖాళీ పీడీఎఫ్, వేరే సబ్జెక్టు ఫైల్ పెట్టడం చాలా మామూలుగా జరుగుతుంది.

ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సు చేస్తుంటే ఒకటి రెండు వారాల అసైన్‌మెంట్ తప్పిందని కోర్సు వదిలేయకండి. 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు. 8 వారాల కోర్సులో ఉత్తమమైన 6. అయితే అసైన్‌మెంట్లు చేసినంత మాత్రాన పరీక్షకు పేరు ఎక్కదు. పరీక్ష రిజిస్ట్రేషన్‌కి వేరే గడువు, వేరే ఫీజు ఉన్నాయి. క్రెడిట్ల కోసం చేస్తున్నవాళ్లు ఆ తేదీని గోడ మీద రాసిపెట్టుకోండి.

7. కండొనేషన్ దరఖాస్తు

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టేదాకా ఆగొద్దు. లెక్కలో 75 చేరరని తేలిన రోజే ఇన్‌చార్జికి చెప్పండి. దరఖాస్తుకు సర్టిఫికెట్, ఓపీ చీటీలు, ముందు ఇచ్చిన లీవ్ లెటర్ల ఫోటోలు తేదీల వరుసలో జతచేయండి. నిర్ణయం కాలేజీ అకడమిక్ కమిటీది. ఫీజు కట్టినంత మాత్రాన మంజూరైనట్టు కాదు. రసీదు తీసుకున్నాక కూడా జాబితాలో మీ నంబర్ ఉందో లేదో చూసుకోవాలి.

ఇంట్లో ఎవరైనా చనిపోతే, ప్రమాదం జరిగితే చెప్పుకోవడానికి మొహమాటపడొద్దు. లెటర్‌లో రెండు వాక్యాలు చాలు.

మనసు బాగాలేక మంచం దిగలేకపోయినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు కారణం చెప్పలేక చెప్పలేక చివరికి డిటైన్ అవుతారు. అది కూడా జబ్బే, దానికీ డాక్టర్లున్నారు, ఆ డాక్టర్ ఇచ్చేదీ మెడికల్ సర్టిఫికెటే. విషయం నలుగురికీ తెలుస్తుందని భయంగా ఉంటే మీకు నమ్మకమున్న మెంటర్ ఒక్కరికే చూపించి, గోప్యంగా ఉంచమని అడగండి. ఏ వేళలోనైనా మాట్లాడటానికి టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

8. 65 లోపు పడిపోతే

ఆ సెమిస్టర్ పరీక్షలు రాయలేరు. తర్వాతి ఏడాది అదే సెమిస్టర్‌లో మళ్లీ చేరాలి. అంతకుముందు పాసైన సెమిస్టర్లు ఎక్కడికీ పోవు. ఈలోగా పాత బ్యాక్‌లాగ్‌లు (పాసవ్వని సబ్జెక్టులు) ఉంటే సప్లీలో కట్టి పాసైపోండి. రీఅడ్మిషన్‌కి కూడా గడువు ఉంటుంది, అది తప్పితే ఇంకో ఏడాది పోతుంది. మీరు చేరే బ్యాచ్‌కి రెగ్యులేషన్ మారి ఉంటే అదనంగా ఏ సబ్జెక్టులు రాయాలో ముందే లిస్టు అడగండి. ఇంట్లో మాత్రం ఆ వారంలోనే చెప్పేయండి. ఫీజు, హాస్టల్ సంగతులు వాళ్లకు తెలియకుండా నడవవు. దాచిన కొద్దీ మాట్లాడటం కష్టమవుతుంది.

పని అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

లెటర్ ఇచ్చిన వారానికి పోర్టల్‌లో అటెండెన్స్ చూడండి. ఓడీ రోజులు ఇంకా ఆబ్సెంట్‌గానే ఉంటే మళ్లీ వెళ్లి అడగండి. లెటర్ ఇన్‌చార్జి టేబుల్ మీదే ఆగిపోయి ఉండొచ్చు.

ఇంటర్నల్ మార్కులు బోర్డు మీద పెట్టినప్పుడు మీ లెక్కతో పోల్చండి. రెండు మిడ్ల మార్కులు తెలుసు కాబట్టి 80, 20 లెక్క మీరే వేయగలరు. 12, 24 వస్తే 19.2కి 2.4 కలిపి 21.6 రావాలి. అంతకంటే బాగా తక్కువ ఉంటే జాబితా యూనివర్సిటీకి వెళ్లేలోపు పేపర్ చూపించమని అడగొచ్చు, అది మీ హక్కు.

పరీక్ష ఫీజు నోటిఫికేషన్‌ని కాలేజీ గ్రూపులో వచ్చిన ఫోటోతో సరిపెట్టుకోకుండా యూనివర్సిటీ సైట్‌లో చూడండి. గడువు దాటితే లేటు ఫీజు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. రెగ్యులర్‌తో పాటు సప్లీలకు విడిగా కట్టాలి.

హాల్ టికెట్ రాగానే పేరు, ఫోటోతో ఆగకుండా సబ్జెక్టు కోడ్‌లు ఒక్కొక్కటీ సరిచూడండి. ఏ కోడ్ అయినా లేకపోతే అదే రోజు ఫీజు రసీదు, కండొనేషన్ రసీదు పట్టుకుని ఎగ్జామ్ సెక్షన్‌కి వెళ్లండి. పరీక్ష రోజు పొద్దున వెళ్తే ఎవరూ చేయగలిగింది ఉండదు.